సోయి ఏడ పోతుందో తెలుస్తలేదు.. రోజూ ఏదన్న పద్ధతి పెట్టుకున్నోళ్ళుంటే జర చెప్పుండ్రి

చౌరస్తా_చదువరి | సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. గ్రూప్ 2 కి ప్రిపేర్ అయితున్న, హనుమకొండల రూం. పొద్దుగాల 7 కి రీడింగ్ రూంల కూసుంట, రాత్రి 9 కి లేస్త, అంటే చెప్పుకోనీకి 14 గంటలు. లెక్క తీస్తే నిజంగ చదివింది మూడు గంటలు గూడ ఉండదు.

నిన్నటి ముచ్చట చెప్త. కాకతీయుల చాప్టర్, రుద్రదేవుడు 1163ల వేయిస్తంభాల గుడి కట్టించిండు అని ఒక లైన్. గా లైన్ నాలుగు సార్లు చదివిన. గుడి మా రూంకు నడిచేంత దూరమే, రోజూ దాని ముంగటికెళ్ళే పోత, అయినా గా సంవత్సరం తలకెక్కలే. ఎందుకంటే నడుమల టైం చూద్దామని ఫోన్ తీసిన. చూసిన. లోపల పెట్టిన. ఎంతయిందో యాదికి లేదు, మళ్ళ తీసిన. ఈసారి మా వాళ్ళ గ్రూపుల ఎవరిదో పెండ్లి ఫోటో, ఆడికెళ్ళి ఒక రీల్, రీల్‌ల ఎవడో కత్తి తిప్పుకుంట ఉల్లిగడ్డలు కోస్తుండు, నేను తలెత్తేసరికి పక్క సీటాయన టిఫిన్ తిని డబ్బా కడుక్కోని వచ్చి కూసున్నడు. నలభై నిమిషాలు.

యాపులు బంద్ చేసే యాప్ పెట్టిన, దాన్నే తీసేసిన. మా అవ్వ "నీకు సోయి లేదు బిడ్డా" అంటది, మొదట్ల కోపమొచ్చేది, ఇప్పుడొస్తలేదు. మా అమ్మమ్మ ఉండేది, పొద్దుగాల వాకిలూడ్చి సాన్పి చల్లి ముగ్గేసేదాక ఎవ్వలతోటి మాట్లాడకపోయేది, ఒక్క చుక్క తప్పుడు నేను చూడలే. అసొంటిది ఏదన్న రోజూ చేసుకునే పద్ధతి మీకెవ్వలికన్న ఉందా? ధ్యానం వీడియోలు మాత్రం చెప్పకుండ్రి, చూసిన, చూసుకుంటనే రెండు గంటలు పోయినయ్.

గుంటూరోడు_ఎన్ఐటీ | సోమవారం రాత్రి 10:52

బ్రో ఫోన్ రూంలో వదిలేసి వెళ్ళు. అయిపోయింది. దీనికి ఇంత పోస్టు దేనికి.

చౌరస్తా_చదువరి | సోమవారం రాత్రి 10:58

వదిలేసి రెండ్రోజులు పోయిన అన్నా. మూడో రోజు మా బాపు పదకొండు సార్లు ఫోన్ చేసి ఎత్తకపోతే ఊర్లెకెళ్ళి మా మామను బస్సెక్కిచ్చిండు, నేను బతికున్ననా లేదా చూసి రమ్మని.

కాజీపేట_రన్నింగ్_స్టాఫ్ | మంగళవారం పొద్దున 6:15

తమ్మీ ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చిన, నిద్రవోయే ముందు రాస్తున్న, తప్పులుంటే సర్దుకో. నేను గూడ్స్ నడుపుత. కాజీపేట కెళ్ళి బల్లార్షా దిక్కు, జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, ఇదే లైన్ మీద 17 ఏండ్ల సంది. బయట అందరు మాకు నిద్రతోటే కష్టం అనుకుంటరు. నిద్ర ఒక్కటే గాదు, నిద్ర వస్తుందని మనకు ఎరుకైతది. అలవాటు వచ్చేది ఎరుక గాదు. అదే పట్టా, అదే మలుపు, అదే సిగ్నల్ కంబం వెయ్యోసారి. కండ్లు చూస్తనే ఉంటయ్, మనిషి చూడడు. నువ్వు నాలుగు సార్లు చదివిన అన్నవు గదా, గదే ఇది.

గందుకే మాకొక రూల్ ఉంది. సిగ్నల్ కనవడంగనే చెయ్యి లేపి నోటితోటి గట్టిగ అనాలె, పక్కన అసిస్టెంట్ గూడ చూసి తిరిగి అనాలె. నేను "డిస్టెంట్ డబుల్ ఎల్లో" అంటే ఆయన "డబుల్ ఎల్లో" అంటడు. డిస్టెంట్ అంటే ముంగటి సిగ్నల్ సంగతి ముందుగాల్నే చెప్పే సిగ్నల్, డబుల్ ఎల్లో అంటే రెండు పసుపు లైట్లు. క్యాబ్‌ల ఉండేది ఇద్దరమే, ఇద్దరికీ కనవడుతనే ఉంటది, అయినా అనాలె. కొత్తల నాకు నవ్వొచ్చేది, బళ్ళె ఎక్కాలు చెప్పినట్టు ఉండేది. ఒకనాడు మంచు కాలం, రాత్రి రెండున్నర అయితుండొచ్చు, నేను గ్రీన్ అని అన్న, అసిస్టెంట్ పిలగాడు పలుకలే. మళ్ళ అన్న. "సార్, ఎల్లో" అన్నడు. చూస్తే ఎల్లోనే. వెనుక సిగ్నల్ గ్రీన్ ఉండె, అదే నోట్ల ఉండిపోయింది. ఆ పిలగాడు పలికిండు గాబట్టి సరిపోయింది.

జపాన్ రైల్వేలల్ల అయితే వేలుతోటి చూపించుకుంట అంటరు, ఆళ్ళ రైల్వే పరిశోధన సంస్థ 1994ల పరీక్ష పెట్టి చూసింది. ఊరికె చేస్తే 100 పనులకు 2.38 తప్పులు వడ్డయట, వేలు చూపించి నోటితోటి అన్నప్పుడు 0.38. ఇంకో ముచ్చట, డబుల్ ఎల్లోకు మా రూల్ బుక్కుల పేరేందో ఎరుకనా? "అటెన్షన్". ఆగుమనుడు గాదు, పొమ్మనుడు గాదు, జర సోయిల ఉండుమనుడు.

ఇంజన్ ఎక్కంగనే సొంత ఫోన్ స్విచాఫ్ చేసి బ్యాగుల పడేస్తం. నీకు నేను చెప్పేది ఇంతే, పుస్తకం తెరిచే ముందు నోటితోటి అను: "7:10 అయింది, కాకతీయులు, 8 దాక." రీడింగ్ రూంల గట్టిగ అంటే తంతరు, పెదవులతోటి అనుకో. వేలు గూడ పెట్టు లైన్ మీద.

గుంటూరోడు_ఎన్ఐటీ | మంగళవారం పొద్దున 8:30

సార్ నిన్న నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా.

కేయూ_సైకాలజీ | మంగళవారం మధ్యాహ్నం 1:05

నేను ఇదే సబ్జెక్ట్ చదువుతున్న కాబట్టి కొన్ని లెక్కలు చెప్త, బోర్ కొడితే దాటేయండి. గ్లోరియా మార్క్ అని కాలిఫోర్నియాల ఒక ప్రొఫెసర్ ఆఫీసుల పనిచేసేటోళ్ళను, మొదట్ల వెనుక నిలబడి వాచీ పట్టుకొని చూసింది, ఒక స్క్రీన్ మీద ఎంతసేపు ఉంటున్నరని. 2004ల సగటున రెండున్నర నిమిషాలు. 2012ల 75 సెకండ్లు. తర్వాతి ఏండ్లల్ల 47 సెకండ్లకు దిగింది. కాబట్టి చదువరి తమ్ముడూ, నువ్వొక్కడివే కాదు, ఆ బాధ తీసేయ్.

నీ పెండ్లి ఫోటో ముచ్చటకు గూడ పేరుంది, అటెన్షన్ రెసిడ్యూ అంటరు. సోఫీ లెరాయ్ 2009ల చెప్పింది, ఒక పని సగంల వదిలి ఇంకోదానికి పోతే మనసు మొత్తం పోదు, కొంత వెనుకనే అంటుకొని ఉంటది. నువ్వు ఫోన్ లోపల పెట్టినవు గని పెండ్లి ఇంకా నీ తలలనే నడుస్తుంది, రుద్రదేవుడికి జాగ ఏడుంది?

ఫోన్ టేబుల్ మీద ఉంటేనే చాలు బుర్ర తగ్గుతది అని 2017ల ఒక స్టడీ వచ్చింది, ఇంకో రూంల పెట్టినోళ్ళు బాగ చేసిండ్రని. అది మస్తు ఫేమస్. కాని తర్వాత వేరేటోళ్ళు మళ్ళ చేస్తే ప్రతిసారి అదే రాలే, కాబట్టి దాన్ని వేదం లెక్క పట్టుకోకండి. అట్లనే 21 రోజులు చేస్తే అలవాటైతది అన్న మాట గూడ వదిలేయండి. లండన్ల ఫిలిప్పా లాలీ వాళ్ళు 96 మందిని చూసి 2010ల రాసిండ్రు, సగటున 66 రోజులు, కాని కొందరికి 18 రోజులకే కుదిరింది, కొందరికి 254 దాక పోయేటట్టు లెక్క వచ్చింది. నడుమల ఒకరోజు తప్పితే పెద్దగ తేడా పడలే. మనోళ్ళు ఒక్కరోజు తప్పంగనే "ఇగ నా తోటి కాదు" అని మొత్తం వదిలేస్తరు, నాకు అందరికంటె ఎక్కువ కనిపించేది ఇదే.

కొత్తవాడ_మగ్గం | మంగళవారం రాత్రి 9:20

ఇంజన్ అన్న పోస్ట్ సదివినంక మా బాపు యాదికొచ్చిండు. మాది కొత్తవాడ, జంపఖానాలు నేస్తం, అదే వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదే అని సర్కారు ఇచ్చే గుర్తు) వచ్చింది గదా, దాంతోటి మా ఇంటికేమొచ్చింది అని అడగకుండ్రి, అది వేరే పోస్ట్.

బాపు పొద్దుగాల మగ్గం మీద కూసునే ముందు చేతులు కడుక్కుంటడు, తువాల దులిపి భుజం మీదేసుకుంటడు, నిన్న నేసి ఆపినకాడ అరచెయ్యి పెట్టి ఇటుకెళ్ళి అటు ఒక్కసారి తడుముతడు. మాట్లాడడు. చిన్నగున్నప్పుడు నేను దండం పెడుతుండనుకున్న, నేను గూడ పక్కకు నిలవడి మొక్కేటోణ్ణి. ఒకసారి అడిగితే నవ్వి "దండం గాదురా, నిన్న ఏడ ఆపిన్నో చెయ్యికి యాదికి రావాలె గదా" అన్నడు. అంతే. చెయ్యి తీసి పంజ (పోగులను దగ్గరికి కొట్టే దువ్వెన అసొంటిది) అందుకుంటడు, ఇగ టక్ టక్ షురూ.

మా పనిల సోయి తప్పితే ఏమైతదో చెప్త. రంగు పోగు ఒకటి అటిటు అయితే ఆ వరసల కనవడది. జానెడు నేసినంక చూస్తే పువ్వు వంకరవోయి కనవడతది, అప్పుడు ఆ జానెడు మొత్తం ఇప్పాలె. నేసుడు కంటే విప్పుడు కష్టం, పోగు తెగుతది, మనసు గూడ తెగుతది. బాపు ఇప్పేటప్పుడు రేడియో బంద్ చేస్తడు.

ఇంకోటి అనిపించింది. జంపఖానాకు అంచు ఉంటది. అంచు కాడికి వచ్చినంక ఆగుతరు, చాయ్ తాగుతరు, నడుము సాపుతరు. పేపర్‌కు గూడ కింద అంచు ఉంటది, ఆఖరి పేజీల క్రికెట్ అయిపోతే మడిచి పెడ్తం. ఫోన్‌కు అంచు లేదు. ఎంత కిందికి పోయినా ఇంకా కింద ఉంటది. గా ఆగకుండ జారే స్క్రీన్‌ను 2006ల తయారు చేసింది ఆజా రాస్కిన్ అనేటాయన, తర్వాత ఆయనే తప్పయిందని బాధపడ్డడు. నాకేమనిపిస్తదంటే మీరు పద్ధతి పద్ధతి అంటున్నది అంచు గురించే. ఏడ షురూ, ఏడ బంద్ అని చెయ్యికి తెలువాలె, బుర్రకు చెప్తే అది ఇనదు.

గునుగుపూలు | బుధవారం మధ్యాహ్నం 2:45

అందరివి సదివిన. ఒక మాట అంట, కోపం చేసుకోవద్దు. చదువరి తమ్మీ, మీ అమ్మమ్మ ముగ్గేసేదాక మాట్లాడకపోయేది అన్నవు, నువ్వు దాన్ని ధ్యానం లెక్క చూస్తున్నవు. ఆమెకు అది పని. ముగ్గయినంక పాలు, పాలయినంక పొయ్యి, పొయ్యి అయినంక మీరందరు. ఆ పావుగంట ఎవ్వలు పిలువకుండ ఉంటే చాలని నోరు మూసుకోని ఉంటది. ఇంట్ల మొగోళ్ళకు కూసోని మనసు నిలుపుకోనీకి టైం ఎట్లొచ్చిందో గూడ జర ఆలోచించుండ్రి.

నాకు ఇద్దరు పిల్లలు, ఆయనది షిఫ్ట్ డ్యూటీ, స్కూల్ వ్యాన్ ఒకనాడు 7:40 కొస్తది, ఒకనాడు 8:10. రోజూ ఒకటే టైం, ఒకటే జాగ అంటే నాతోటి కాదు. అయినా నేనొకటి పట్టుకున్న. పొద్దుగాల చాయ్ పెడ్త గదా, అది పొంగేదాక పొయ్యి కాడికెళ్ళి కదల, ఫోన్ ముట్ట, గిన్నెనే చూస్త. నాలుగైదు నిమిషాలు. మొదటి వారంల మూడుసార్లు పొంగి పొయ్యి మీద వడ్డది, ముంగట నిలవడి గూడ! కండ్లు గిన్నె మీదనే ఉన్నయ్, సోయి చిన్నోని ప్రాజెక్ట్ వర్క్ కాడుంది. అట్లయినప్పుడు నా మీద నాకే నవ్వొచ్చింది. ఇప్పుడు అంచుల బుడగలొచ్చుడు, నడుమల మీగడ లేచుడు, వాసన మారుడు అన్నీ తెలుస్తయ్, స్టవ్ ఎప్పుడు తగ్గియ్యాలో చూడకుండనే చెప్త.

మగ్గం తమ్ముడు అంచు అన్నడు, నాకు బతుకమ్మ యాదికొచ్చింది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాక తొమ్మిది రోజులు, ఏడాదికి అవే నాకు ఫోన్ యాదికి రాని రోజులు. గునుగు కాడలు అన్నీ ఒకటే ఎత్తు కొయ్యాలె, రంగు అద్దాలె, తంగేడు వరస తర్వాత గునుగు వరస, తాంబాలం తిప్పుకుంట పేర్వాలె. తిప్పకుండ ఒక్క దిక్కే పేర్చుకుంట పోతే ఒరుగుతది, చెరువు కాడికి పోయేదాక నిలువది. చేతులకు పసుపు రంగు, పూల జిగట అంటుకోని ఉంటే ఫోనెట్ల ముడ్తం చెప్పుండ్రి. అసలు చేతులు ఖాళీగ ఉండుడే మన రోగమేమో.

చౌరస్తా_చదువరి | బుధవారం సాయంత్రం 6:10

అక్కా నువ్వన్నది నిజం. నేను లేచేసరికే ముగ్గయిపోయేది, నేను కండ్లార చూసింది పది సార్లు గూడ ఉండదేమో. ఒక్క చుక్క తప్పలే అని ఊరికె రాసిన.

సుబేదారి_మెకానిక్ | బుధవారం రాత్రి 11:30

సలాం అందరికీ. బైక్ షాప్‌ల పని నాది. ఇక్కడ అందరు మనసు నిలువాలె నిలువాలె అంటున్నరు, నేను ఉల్టా ముచ్చట చెప్త.

జొహర్ టైంకు, అంటే మధ్యాహ్నం నమాజ్‌కు, షాప్‌ల పని ఆపుత. చేతులకు గ్రీజు, ముందుగాల కిరోసిన్ గుడ్డతోటి తుడిచి, సబ్బు పెట్టి, అప్పుడు వుజూ, అంటే నమాజ్‌కు ముందు కడుక్కునుడు. చేతులు, నోరు, ముక్కు, మొఖం, మోచేతుల దాక, తల తడుపుడు, కాళ్ళు. వరస తప్పది. కాళ్ళ మీద నీళ్ళు వడేసరికి షాప్ జర దూరమైనట్టు అనిపిస్తది, ఎండకాలం అయితే ఇంకా ఎక్కువ. అంత చేసి పోయి నిలవడంగనే ఏం యాదికొస్తది? పొద్దుగాల ఇప్పిన కార్బురేటర్. ఆ చిన్న స్ప్రింగ్ ఏడ పెట్టిన్నో నమాజ్‌లనే యాదికొస్తది, కసమ్ సే. ఇరవై ఏండ్ల సంది చదువుతున్న, ఇంకా పోతది మనసు.

ఒక్కోసారి మూడు రకాతులయినయా (నిలవడి, వంగి, మొక్కే ఒక వరసను రకాతు అంటరు) నాలుగయినయా అని డౌట్ వస్తది. దానికి గూడ మాకు పద్ధతి ఉంది, ఆఖర్ల రెండు సజ్దాలు (నుదురు నేలకానిచ్చి మొక్కుడు) ఎక్కువ చెయ్యాలె, సజ్దా ఎ సహూ అంటరు. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ చెప్తే నాకు విచిత్రమనిపించింది. మనిషి మర్చిపోతడు అని ముందే తెలుసు అన్నట్టు, మర్చిపోతే ఏం చెయ్యాలో గూడ ముందే పెట్టిండ్రు. తిట్టలే, మొత్తం పాడయిందనలే. రెండు సజ్దాలు చేసి లేచి పో, షాప్ తెరువు. సైకాలజీ మేడం ఒక రోజు తప్పితే ఏం గాదు అన్నది గదా, నాకు అదే గుర్తొచ్చింది. నీ పద్ధతిల గూడ ఇసొంటిది ఒకటి పెట్టుకో తమ్మీ. ఫోన్ తీసినవు, సోయి వచ్చింది, అప్పుడేం చేస్తవో ముందే అనుకోని పెట్టుకో.

గుంటూరోడు_ఎన్ఐటీ | గురువారం ఉదయం 9:00

అన్నీ బాగున్నాయి కానీ నాదో డౌట్. మా రూమ్మేట్ ఉన్నాడు, చదవడానికి ముందు టేబుల్ సర్దుతాడు, అగరబత్తి వెలిగిస్తాడు, నీళ్ళ బాటిల్ కుడి పక్క, పెన్నులు రంగుల వరసలో, తర్వాత టైంటేబుల్ గీస్తాడు స్కేలు పెట్టి. ఇదంతా గంటన్నర. తర్వాత అలిసిపోయి పడుకుంటాడు. సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోయాయి, టైంటేబుల్ మాత్రం చాలా బాగుంటుంది. దీనికేమంటారు?

కాజీపేట_రన్నింగ్_స్టాఫ్ | గురువారం మధ్యాహ్నం 12:20

మాది రెండు సెకండ్ల పని బాబూ. అంతకంటే ఎక్కువసేపు చెప్పుకుంట కూసుంటే సిగ్నల్ దాటిపోతది.

కొత్తవాడ_మగ్గం | గురువారం మధ్యాహ్నం 12:41

హహ. అన్న ఒక్క మాటల తేల్చిండు.

చౌరస్తా_చదువరి | 24 రోజుల తర్వాత

మళ్ళ వచ్చిన. అందరి దగ్గర తలా ఒకటి తీసుకున్న, చెప్త.

టైం చూసే సాకుకే ఫోన్ బయటికొస్తుందని వరంగల్ చౌరస్తా కాడ కీ ఇచ్చే గడియారం ఒకటి కొన్న, చిన్నది. పొద్దుగాల కూసోంగనే దానికి కీ ఇస్త, నిన్న ఆపిన లైన్ మీద అరచెయ్యి పెడ్త, ఇయ్యాల ఏ పేజీ కాడ ఆపాలో పెన్సిల్‌తోటి అడ్డం గీత గీస్త, గదే నా అంచు. తర్వాత పెదవులతోటి టైం, చాప్టర్ అనుకుంట. అంతా కలిపి ఒక నిమిషం. గడియారం టిక్ టిక్ అని సప్పుడు చేస్తుందని రెండో రోజే పక్క సీటాయన లొల్లి పెట్టిండు, కర్చీఫ్‌ల చుట్టి పెడుతున్న. ఆయనే ఇంకోరోజు మెల్లగ అడిగిండు, ఏం మంత్రం జపిస్తున్నవ్ తమ్మీ, పోయినసారి ఎగ్జాం పోయింది, నాకు గూడ చెప్పరాదు అని. కాకతీయులు ఎనిమిదింటి దాక అని చెప్తే నమ్మలే, దాస్తున్న అనుకున్నడు.

పరకాలల మా అన్న పెండ్లి ఉంటే నాలుగు రోజులు మొత్తం పోయింది. ఎనుకటి నేనయితే ఆడికే ఖతం. మెకానిక్ భాయ్ చెప్పినట్టు సజ్దా లెక్క ఒకటి పెట్టుకున్న, సోయి తప్పిందని తెలువంగనే పుస్తకం మూసి, లేచి నీళ్ళు తాగొచ్చి, మళ్ళ చెయ్యి పెట్టి, మళ్ళ అనుకునుడు. మొదటి వారం రోజుకు ముప్పై సార్లు లేచిన, నీళ్ళు తాగి తాగి సచ్చిన. ఇప్పుడు పది పన్నెండు. చదువు ఐదు గంటల దాక వచ్చింది. పద్నాలుగు గాదు, ఐదే. ఫోన్ బ్యాగులనే ఉంటది, బాపుకు మధ్యాహ్నం ఒకటిన్నరకు నేనే చేస్త, మామను మళ్ళ బస్సెక్కియ్యలే.

1163 ఇగ ఎన్నడు మర్వ. కాని కొత్త లొల్లి మొదలైంది, రుద్రదేవుడు, రేచర్ల రుద్రుడు ఇద్దరు కలిసిపోతున్నరు. ఎవ్వలన్న యాది పెట్టుకునే ఉపాయం చెప్పుండ్రి.

సుబేదారి_మెకానిక్ | అదే రోజు రాత్రి 10:15

శబాష్ తమ్మీ. గడియారానికి కీ ఇగ తిరుగదు అన్నంక బలవంతంగ తిప్పకు, స్ప్రింగ్ తెగొచ్చు. గట్టిగయితుందని చెయ్యికి తెలువంగనే ఆపు.

గునుగుపూలు | మర్నాడు పొద్దున 6:35

అది అల్కగ యాదుంటది తమ్మీ. వేయిస్తంభాల గుడి మన ఊరి నడుమల ఉంది గదా, అది రాజు కట్టించింది. రామప్ప గుడి ఊరికి దూరం పాలంపేటల ఉంది, అది సేనాపతి కట్టించింది, రేచర్ల రుద్రుడు, 1213. రాజు ఇంటికాడ, సేనాపతి దూరంగ, అట్ల పెట్టుకో. అప్పటికి గణపతిదేవుడి పాలన, ఆయన 1199ల గద్దెనెక్కిండు, మా పెద్దదానికి మొన్ననే చెప్పిన గాబట్టి నాకు.. అయ్యో చాయ్